బండి మీద చలి



నర్సీపట్నంలో తెల్లవారుజామున నాలుగున్నరకి బండి తీసే మనిషికి ఒంటి మీద ఒక స్వెట్టరు చాలనిపిస్తుంది. డౌనూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక మలుపు మలుపుకీ చలి పెరుగుతుంది. లంబసింగి చేరేసరికి ఆ స్వెట్టరు ఉన్నా లేనట్టే. దూరం చూస్తే పెద్దది కాదు, ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎత్తు మాత్రం సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్లకు పెరిగింది. కిలోమీటరు పైకి వెళితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. దానికి తోడు మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లాల్లో చేరుతుంది. అందుకే ఘాట్‌లో గెడ్డ మీద కల్వర్టు దగ్గరకు బండి దిగగానే మోకాళ్ళకు జివ్వుమని తగులుతుంది, మళ్ళీ మెట్టెక్కితే కాస్త తెరిపి అనిపిస్తుంది. మన్యంలో రోజూ తిరిగేవాళ్ళకి ఏ కల్వర్టు దగ్గర ఎంత చలో బాగా తెలుసు.

మన్యంలో చింతపల్లి, పాడేరు, మినుములూరు, అరకు, అటు తెలంగాణలో ఆదిలాబాద్, సిర్పూర్, గిన్నెధరి. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పేర్లు పేపర్లో ఉష్ణోగ్రతల పక్కన కనిపిస్తూనే ఉంటాయి. 10 డిగ్రీల లోపు మామూలు మాట. 5 డిగ్రీల లోపుకు దిగిపోవడమూ ఈ ఊళ్ళకు కొత్త కాదు. ఆ చలిని చూడటానికి వచ్చే పర్యాటకుల గురించి చాలామంది మాట్లాడతారు. ఆ చలిలో పనికి వెళ్ళేవాళ్ళ గురించే నేను మాట్లాడదలచుకున్నాను. వెనక రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు, పేపరు కట్టలు మోసేవాళ్ళు, సంతకు కూరగాయలు చేరవేసేవాళ్ళు, కొండమీది బడికి తొమ్మిదింటికల్లా చేరాల్సిన టీచర్లు, టీకాల పెట్టె భుజాన వేసుకుని బయలుదేరే ఏఎన్ఎంలు. వీళ్ళకి ప్రయాణం మానేసే వీలు లేదు. "చలికాలం కదా, చలి వెయ్యదా మరి" అని ఓర్చుకుంటారు. ఓర్పు మంచిదే. కానీ బండి మీద చలిని ఓర్చుకోవడం బ్రేకు సరిగా లేని బండిని నడపడంతో సమానమని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

చలి వేరు, బండి మీద చలి వేరు. వాకిట్లో నిలబడితే వేసే చలి వాతావరణానిది. బండి మీద వేసే చలిలో చాలా భాగం మన వేగం తెచ్చిపెట్టేది. మన ఒంటి చుట్టూ మన వేడితోనే వెచ్చబడిన సన్నని గాలి పొర ఒకటి ఉంటుంది. గాలి వీస్తే ఆ పొర చెదిరిపోతుంది. సాసర్లో పోసిన టీని ఊదితే చల్లారేది ఇలాగే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడిని అంతే వేగంతో ఎదురుగాలి కొడుతుంది, చుట్టూ ఆకు కదలకపోయినా సరే.

దీన్ని మొదట కొలిచినవాళ్ళు అంటార్కిటికాకు వెళ్ళిన ఇద్దరు అమెరికన్లు, పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి ఆరుబయట వేలాడదీశారు. గాలి వేగాన్ని బట్టి ఆ నీళ్ళు ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూసి లెక్క కట్టారు. ఆ ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. 2001లో అమెరికా, కెనడా దేశాలు మనిషి ముఖచర్మం వేడిని కోల్పోయే తీరును పరీక్షించి ఆ లెక్కను సరిదిద్దాయి. ఆ కొత్త లెక్కను మన ఘాట్ రోడ్డుకు తెచ్చి చూడండి. గాలి 10 డిగ్రీలు ఉండి బండి 60లో పోతుంటే ఒంటికి 5 డిగ్రీల చలి తగిలినట్టుంటుంది. గాలే 5 డిగ్రీలుంటే, అదే వేగంలో సున్నాకు రెండు డిగ్రీలు కింద ఉన్నట్టుంటుంది.

"అయితే నెమ్మదిగా పోతే సరి" అంటారు. లెక్క అలా చెప్పడం లేదు. ఆ 5 డిగ్రీల చలిలో వేగాన్ని 60 నుంచి 30కి తగ్గించినా సున్నా దగ్గర ఉన్నట్టే ఉంటుంది. అంటే దెబ్బలో ఎక్కువ భాగం మొదటి గాలికే తగిలిపోయింది. నెమ్మదిగా పోవడం మలుపుల కోసం, మంచు కోసం ఎలాగూ అవసరమే, చలికి మాత్రం అది పూర్తి మందు కాదు. గాలిని ఒంటికి తగలకుండా ఆపాలి. బండి మీద వెచ్చగా ఉండటానికి ఉపాయాలన్నీ ఈ ఒక్క సంగతి దగ్గరే మొదలవుతాయి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. సున్నా కింద ఉన్నట్టు అనిపించినంత మాత్రాన ఒళ్ళు గడ్డకట్టదు. గాలి 5 డిగ్రీలుంటే చర్మం అంతకన్నా చల్లబడదు. మంచుదేశాల్లోలా వేళ్ళు చచ్చుబడి ఊడిపోయే ప్రమాదం మనకు లేదు. మన ప్రమాదం మొద్దుబారడం.

చలి తగలగానే శరీరం మొదట గుండెనీ, మెదడునీ, కడుపులోని అవయవాలనీ కాపాడుకుంటుంది. లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి. అందుకోసం చేతులకూ కాళ్ళకూ పోయే రక్తనాళాలను బిగిస్తుంది. వేళ్ళకు రక్తం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. వేలి చర్మం 15 డిగ్రీలకు పడిపోయేసరికి వేలి నేర్పు తగ్గడం మొదలవుతుంది. ఇంకా దిగితే స్పర్శే తెలియదు. కొంకర్లు పోవడం అంటాం చూడండి, అదీ. బండి మీద మన ప్రాణం ఆ వేళ్ళలోనే ఉంది. కుడిచేతి వేళ్ళు ముందు బ్రేకు మీద, ఎడమచేతి వేళ్ళు క్లచ్ మీద. ఎంత నొక్కుతున్నామో వేలికి తెలియాలి. తెలియకపోతే చాలినంత నొక్కం, లేదా భయపడి ఒక్కసారిగా నొక్కేస్తాం. రెండోదే ఎక్కువ ప్రమాదం, అందులోనూ మంచుకు తడిసిన రోడ్డు మీద. 60లో పోతున్న బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మొద్దుబారిన వేలు అర సెకను ఆలస్యం చేస్తే బ్రేకు పడేలోపే ఎనిమిది మీటర్లు దాటిపోయాం. మలుపులో అవతలి నుంచి జీపు వస్తుంటే ఎనిమిది మీటర్లు చాలా పెద్ద దూరం.

అందుకే చలికాలంలో డబ్బు పెట్టాల్సి వస్తే మొదట చేతికి పెట్టండి. స్వెట్టరు తర్వాత. అల్లిన ఉన్ని గ్లౌజులు ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరుకుతాయి, కానీ వాటి సందుల్లోంచి గాలి దూరిపోతుంది, పైగా హ్యాండిల్ మీద జారతాయి. అరచేతి వైపు తోలో రెక్సినో ఉండి, పైవైపు గాలి చొరని గుడ్డ ఉన్నవి తీసుకోవాలి. కొనేటప్పుడు షాపులోంచి బయటకు వచ్చి మీ బండి దగ్గరే తొడుక్కుని చూడండి. తాళంచెవి తిప్పగలగాలి. డిప్పర్ స్విచ్ వేలికి తెలియాలి. బ్రేకు లివరు మీద రెండు వేళ్ళు వేసి మెల్లగా నొక్కితే లివరు ఎంత కదిలిందో అందాలి. చేతికి బిగుతుగా ఉన్నది వద్దు. బిగుతు గ్లౌజు అసలే తగ్గిన రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. మణికట్టు దగ్గర గాలి లోపలికి దూరకుండా గ్లౌజు పొడుగ్గా ఉండాలి, జాకెట్ చేతి అంచు దాని మీద కూర్చోవాలి.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఒక ఉపాయం. మందుల షాపులో దొరికే పల్చని రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, వాటి మీద ఉన్ని గ్లౌజులు వేసుకోండి. గాలి రబ్బరు దగ్గర ఆగిపోతుంది. చెయ్యి కాస్త చెమర్చినా వేళ్ళు పనిచేస్తాయి. పాలు పోసేవాళ్ళకు ఇది మరీ అవసరం. క్యాను మూత తీసిన ప్రతిసారీ చెయ్యి తడుస్తుంది, ఆ తడి చేత్తోనే మళ్ళీ బండెక్కుతారు. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది. సీటు కింద ఒక పొడి గుడ్డ పెట్టుకుని, ప్రతి ఇంటి దగ్గరా చెయ్యి తుడుచుకున్నాకే గ్లౌజు తొడగాలి.

ఉత్తర భారతంలో శీతాకాలం వస్తే హ్యాండిల్‌కు రెండు వైపులా సంచుల్లాంటి తొడుగులు కడతారు. చెయ్యి అందులోకి దూర్చి, పిడిని, లివర్లను లోపలే పట్టుకుంటారు. చూపుకు అందంగా ఉండవు, కానీ గాలిని ఆపడంలో గ్లౌజుకన్నా నయం. మన ఏజెన్సీ ఊళ్ళలో ఇవి ఎందుకు వాడకంలోకి రాలేదో నాకు ఆశ్చర్యం. రెక్సినుతో సీటు కవర్లు కుట్టే ఏ టైలరైనా ఒక పూటలో కుట్టి ఇస్తాడు. రెండు సంగతులు చూసుకోవాలి. చెయ్యి క్షణంలో బయటకు రావాలి. గాలి వేగానికి తొడుగు వెనక్కి వాలి బ్రేకు లివరును నొక్కకూడదు.

దారిలో వేళ్ళు మొద్దుబారితే బండి ఆపండి. చెయ్యి చాచి భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పితే రక్తం వేలి కొసలదాకా విసురుగా చేరుతుంది. తర్వాత గ్లౌజు తీసి చేతుల్ని చంకల్లో పెట్టుకోండి. సైలెన్సర్ మీద మాత్రం చెయ్యి పెట్టకండి. స్పర్శ లేని వేలికి కాలుతున్న సంగతి కూడా తెలియదు. చలిమంట దగ్గరా ఇదే జాగ్రత్త. వేళ్ళు పాలిపోయి తెల్లగా మారి, ఎంతసేపటికీ రంగు తిరిగి రాకపోతుంటే, అది ప్రతి చలికాలం జరుగుతుంటే, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఒంటి సంగతి. వెచ్చదనం ఇచ్చేది ఉన్ని కాదు, ఉన్ని సందుల్లో కదలకుండా నిలిచిన గాలి. బండి మీద ఎదురుగాలి ఆ నిలిచిన గాలిని తోసేస్తుంది. అందుకే రెండు స్వెట్టర్లు వేసుకున్నా వణికేవాడున్నాడు, ఒక స్వెట్టరు మీద వానకోటు వేసుకుని హాయిగా పోయేవాడున్నాడు. వానాకాలం వెళ్ళగానే అటక మీద పడేసే ఆ వానకోటే చలికాలంలో మీ దగ్గరున్న అన్నిటికన్నా మంచి చలికోటు. ఒళ్ళు చెమర్చితే మాత్రం ఆగినప్పుడు గుండీలు విప్పి గాలి ఆడనివ్వండి. లోపల చెమట పట్టిన నూలు బనియను ఒంటికి అంటుకుంటే, మళ్ళీ బయలుదేరాక అదే చలి పుట్టిస్తుంది. లోపలి బట్ట పల్చని ఉన్నిదో, ఆటలాడేవాళ్ళు వేసుకునే త్వరగా ఆరే రకమో అయితే మేలు.

పాత పేపరు గురించి చెప్పకుండా ఉండలేను. చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య, ఛాతీ మీద, నాలుగైదు మడతల న్యూస్ పేపరు పెట్టుకోవడం చాలా పాత పద్ధతి. ఫ్రాన్సులో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో కొండ శిఖరం ఎక్కిన రైడర్లు దిగుడులోకి వెళ్ళేముందు దారి పక్కన నిలబడ్డవాళ్ళ దగ్గర పేపరు తీసుకుని జెర్సీలో దోపుకునేవారు. అంత పెద్ద పందేల్లో పనికొచ్చింది మన పేపరు బాయ్‌కి పనికిరాదా? ఛాతీ, మెడ, మోకాళ్ళు. ఎదురుగాలి ముందుగా తగిలే చోట్లు ఇవే. ప్యాంటు లోపల మోకాళ్ళ మీద కూడా పేపరు మడత పెట్టి, జారకుండా పొడుగు మేజోడు లాక్కోవచ్చు. కాళ్ళకు చెప్పులతో ఘాట్ ఎక్కేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పాతదైనా సరే బూటు వేసుకోండి, కానీ అందులో రెండు జతల మేజోళ్ళు కుక్కి బిగించకండి. బిగిస్తే పాదాలు ఇంకా చల్లబడతాయి.

తెలంగాణలో కురుమలు దక్కను గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఉందే, తడిసినా వెచ్చదనం పూర్తిగా వదలదు. చలిమంట పక్కన, పొలం కాపలాలో దానికి సాటి లేదు. బండి మీద మాత్రం వదులుగా కప్పుకోవద్దు. గొంగడైనా, శాలువా అయినా, చున్నీ అయినా, మఫ్లరు అయినా, వేలాడే కొస వెనక చక్రానికో చైనుకో చిక్కితే మెడకు ఉరి పడినట్టే. మఫ్లరు చుట్టుకుంటే రెండు కొసలూ జాకెట్ లోపల దోపి, పైన జిప్పు లాగెయ్యాలి. వెనక కూర్చున్నవాళ్ళవి బయలుదేరేముందు మీరే చూడండి.

మంకీ క్యాప్ పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టేవాళ్ళున్నారు, మంకీ క్యాప్ ఉంది కదా అని హెల్మెట్ మానేసేవాళ్ళూ ఉన్నారు. మందపాటి మంకీ క్యాప్ వేస్తే హెల్మెట్ తలకు సరిగ్గా కూర్చోదు, పడితే ఊడిపోతుంది. చెవులూ మెడా కప్పే పల్చని ముసుగు చాలు. పూర్తి ముఖం మూసే హెల్మెట్ ఉంటే చలిలో సగం పని అదే చేస్తుంది. దాని అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టడం ఒక చిక్కు. బట్టలసబ్బు కొంచెం అద్దం లోపలివైపు పల్చగా రాసి, పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిస్తే ఆవిరి బొట్లు కట్టదు. అయినా పడితే అద్దాన్ని వేలెడు సందు తెరిచి ఉంచండి.

బండికీ చలి ఉంటుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే టైరులో గాలి దాదాపు ఒక పాయింటు తగ్గుతుంది. కింద ఊళ్ళో మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి కొండ మీద తెల్లవారుజామున సరిపోదు. బ్యాటరీ నీరసిస్తుంది, కిక్ రాడ్ ఉంటే దాన్ని బాగుచేయించి ఉంచుకోండి. చల్లటి టైరు మొదటి రెండు మూడు కిలోమీటర్లు రోడ్డును గట్టిగా పట్టదు. పొగమంచులో హెడ్‌లైటు డిమ్‌లోనే ఉంచాలి, డిప్పర్ పైకి వేస్తే మంచు తెల్లగా మెరిసి దారి కనపడదు.

చలి వేళ్ళు దాటి మెదడుదాకా వెళుతుందని చాలామందికి తెలియదు. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే మనిషి తనలో తాను ఉండడు. మొదట్లో కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఆగని వణుకు, మాట ముద్దగా రావడం, గేరు తప్పుగా వెయ్యడం, మలుపు ఆలస్యంగా గమనించడం, ఊరికే చిరాకు. నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాను వాన పట్టి బట్టలు తడిసిపోతే, గాలి 15 డిగ్రీలున్నా ఇది జరగవచ్చు. వణుకు ఆగిపోయి "ఇప్పుడు చలి వెయ్యట్లేదు" అని మనిషి మగతగా అంటే అది బాగుపడటం కాదు. వెంటనే తడి బట్టలు విప్పించి, పొడి దుప్పట్లు చుట్టి, తాగగలిగితే తియ్యటి వేడి టీ ఇచ్చి, ఆసుపత్రికి చేర్చాలి.

"ఒక పెగ్గు వేస్తే చలి పోతుంది" అనే మాటను పూర్తిగా వదిలెయ్యండి. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పుతుంది. వేడి రక్తం పైకి వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, ఆ వేడి అట్నుంచి అటే గాలికి పోతుంది. శరీరం దాచుకున్నది మనమే బయట పారబోసినట్టు. తాగి బండి నడపడం ఎలాగూ నేరం. సిగరెట్టు ఇంకోరకం. అది వేళ్ళకు పోయే రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. బయలుదేరేముందు కడుపులో ఏదైనా పడాలి, రాగి అంబలి గ్లాసుడైనా సరే. ఒళ్ళు వేడి పుట్టించాలంటే తిండి కావాలి.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి కోస్తా ఊళ్ళకు బండ్ల మీద కుటుంబాలతో బయలుదేరేవాళ్ళు ఉన్నారు. ట్రాఫిక్ ఉండదని అర్ధరాత్రి బయలుదేరతారు. రోజు మొత్తంలో అన్నిటికన్నా చలి ఎక్కువ సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ. నిద్ర ముంచుకొచ్చేదీ, పొగమంచు దట్టమయ్యేదీ కూడా ఆ వేళే. వీలుంటే ఎండ పొడ వచ్చాక బయలుదేరండి. వీలుకాకపోతే గంటకోసారి ఆగండి, దిగి నాలుగడుగులు నడవండి.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. చంటిబిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి పోవడం మన ఊళ్ళలో రోజూ కనిపిస్తుంది. నడిపేవాడికి వెచ్చగానే ఉంటుంది, ఎందుకంటే గాలి మొత్తం ముందున్న బిడ్డ ఛాతీ మీద ఆగుతోంది. పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెద్దది, కాబట్టి పెద్దవాళ్ళకన్నా త్వరగా చల్లబడతారు. చలి వేస్తోందని చెప్పడం కూడా చాలామందికి రాదు, ఊరికే ముడుచుకుని నిద్రలోకి జారుకుంటారు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళితే హెల్మెట్, నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు. చలికాలంలో దానికి ఇంకొంచెం చేర్చండి. బిడ్డను ముందు కాకుండా వెనక కూర్చోబెట్టండి. గాలి చొరని కోటు ముందు బిడ్డకు వెయ్యండి, తర్వాత మీకు. ఆగిన ప్రతిచోటా మేజోడు తీసి పాదం పట్టుకుని చూడండి. చల్లగా తగిలితే మీ అరచేతుల మధ్య వెచ్చబడేదాకా ఉంచి, పొడి మేజోళ్ళు తొడిగాకే బండి తియ్యండి.